దినారు పెరిగినచో ఇంటి కొనుగోలు చవుక యగునా?

మదనపల్లె, పీలేరు, వాయల్పాడు ప్రాంతపు గ్రామములలో కువైటు మాట వినబడని వీధి అరుదు. వాహనములు నడుపుటకు, ఇండ్లలో వంటకు, పిల్లలను సాకుటకు, కట్టడపు పనులకు అచటికి వెళ్లిన స్త్రీ పురుషులెందరో కలరు. పూర్వము వారు సెలవుపై వచ్చునపుడే పెట్టెలలో వస్తువులు మోసికొని వచ్చెడివారు. నేడు ఆ పద్ధతి మారినది. కువైటులోని తమ గదిలో కూర్చుండి, చేతిలోని ఫోనుపై మన దేశపు ఆన్‌లైను దుకాణములలో వస్తువు నెన్నుకొని, అచటినుండియే వెల చెల్లించుచున్నారు. కొలది దినములలో ఆ వస్తువు మన ఊరి ఇంటి వాకిటికి చేరుచున్నది.

ఇట్టి కుటుంబములలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: “రూపాయి పడిపోయినది, దినారు పెరిగినది, ఇప్పుడు కొన్నచో చవుక.” ఈ మాటలో సగము నిజమే యున్నది. తక్కిన సగము తెలియనిచో ప్రవాసి చెమటోడ్చి సంపాదించిన సొమ్ము దారిలోనే కొంత కరగిపోవును. గ్రామములో సలహా కోరి జనులు మొదట వచ్చునది పంచాయతీ సభ్యుల యొద్దకే గనుక, ఈ లెక్కను వారు తెలిసికొనియుండుట మేలు.

రూపాయియు దినారును

1961 వరకు కువైటులో చెలామణి యైనది మన రూపాయియే. గల్ఫు దేశములలో వాడుటకై భారత రిజర్వు బ్యాంకు 1959లో వేరు రంగులతో ప్రత్యేకముగా నోట్లను కూడ వెలువరించెను. 1961లో కువైటు తన స్వంత దినారును ప్రవేశపెట్టినపుడు ఒక దినారునకు 13 రూపాయల 33 నయాపైసలు సరిపోయెడివి. 2025 డిసెంబరు నాటికి అదే దినారు సుమారు 290 రూపాయలకు చేరెను.

ఈ పెరుగుదల ఒక్కనాటిది కాదు. 1966 జూన్ 6వ తేదీన ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించగా, డాలరు 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలకు పెరిగెను. 1991 జూలైలో రెండు విడతలుగా మరల తగ్గింపు జరిగెను. ఆ దినములలో మారకపు రేటు ప్రభుత్వ నిర్ణయమువలన మారెడిది. 1993 మార్చి నుండి అది ముఖ్యముగా విపణిలోనే నిర్ణయమగుచున్నది.

మదనపల్లె టమాటా మార్కెట్టును చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. సరకు విస్తారముగా వచ్చిననాడు ధర పడును; రాక తగ్గి, కొనువారు పెరిగిననాడు ధర లేచును. డాలరు కూడ అట్టిదే. ఎగుమతులవలనను, ప్రవాసులు పంపు సొమ్మువలనను డాలర్లు విపణికి వచ్చును. చమురు, బంగారము, యంత్రములు మున్నగు దిగుమతులకై వాటిని కొనువారుందురు. కొనుగోలు మిక్కుటమైనచో డాలరు ధర పెరుగును. రూపాయి తగ్గినదని మనము చెప్పుకొనుట దీనినే. 2023లో టమాటా ధర మిన్నంటినపుడు ప్రభుత్వము రైతు బజారులలో తక్కువ ధరకు అమ్మించినట్లే, రూపాయి మిక్కిలి ఒడిదుడుకులకు లోనైనపుడు రిజర్వు బ్యాంకు తన నిలువలనుండి డాలర్లను విక్రయించి ఆ వేగమును తగ్గించుటకు యత్నించును.

సౌదీ రియాలు, దుబాయి దిర్హము డాలరుతో స్థిరమైన లెక్కలో ముడివడియున్నవి. డాలరు పెరిగినంత మేర అవియు పెరుగును. కువైటు దినారు 2007 మే నుండి పలు దేశముల నాణెముల కూటమితో ముడివడియున్నది. కావున అది ఇంచుమించుగా డాలరు వెంట నడచినను, ప్రతి దినము సరిసమానముగా నడువదు. మరియొక విషయము మరువరాదు. రేటు ఒక్క దిక్కునకే పోదు. 2007 చివరలో డాలరు 40 రూపాయలకు దిగువకు వచ్చినది. దుబాయిలోను, సౌదీలోను పని చేయువారు అంతకుముందు పంపినంతయే పంపినను ఇంటికి చేరు రూపాయలు తగ్గెను.

మొదటి ప్రశ్న: ధర ఏ నాణెములో నిర్ణయమైనది?

తిరుమల శ్రీవారి ప్రత్యేక ప్రవేశ దర్శనపు టికెట్టును ఉదాహరణముగా తీసికొందము. దాని వెల 300 రూపాయలు. అమెరికాలోనున్న ప్రవాసి డాలరు 60 రూపాయలున్ననాడు కొన్నచో 5 డాలర్లు, 75 రూపాయలున్ననాడు 4 డాలర్లు, 90 రూపాయలున్ననాడు 3 డాలర్ల 33 సెంట్లు అగును. దేవస్థానమునకు వచ్చునది ఎప్పుడును 300 రూపాయలే. ధర రూపాయలలో నిర్ణయమై, సంపాదన పరదేశపు నాణెములో నున్నచో, రూపాయి తగ్గుట ప్రవాసికి లాభము.

ధర పరదేశపు నాణెములోనే యున్నచో ఈ లాభము లేదు. కువైటు దుకాణములో దినారులతో కొని పార్సెలు ద్వారా ఊరికి పంపు వస్తువు రూపాయి తగ్గినంత మాత్రమున ప్రవాసికి చవుక కాదు. పైగా మన దేశములో దానిపై కస్టమ్సు సుంకము పడును. సుంకమునకై వస్తువు విలువను ప్రకటిత మారకపు రేటు ననుసరించి రూపాయలలోనికి మార్చుదురు గనుక, రూపాయి తగ్గిన కొలది సుంకపు రూపాయలు పెరుగును. తపాలా, కొరియరు ద్వారా కానుకగా పంపిన వస్తువులకు పూర్వముండిన మినహాయింపు 2019 డిసెంబరులో రద్దయినది. ప్రాణరక్షక ఔషధములు, రాఖీలు మాత్రమే దాని నుండి తప్పించబడినవి. “కానుక” అని పెట్టెపై వ్రాసినంత మాత్రమున సుంకము తప్పునని నమ్మరాదు.

రెండవ ప్రశ్న: వస్తువు ఎచటిది?

శ్రీకాళహస్తి కలంకారి వస్త్రమునందును, మాధవమాల కొయ్య బొమ్మయందును ప్రధానమైనది మన పనివారి శ్రమ. డాలరు పెరిగినదని వాటి ధర వెంటనే పెరుగదు. ప్రవాసికి మారకపు లాభము దాదాపు పూర్తిగా దక్కును. మన పనివానికి పరదేశమునుండి బేరము వచ్చును.

ఫోను, టెలివిజను, కంప్యూటరు అట్టివి కావు. వాటి భాగములలో పెక్కు పరదేశములనుండి డాలర్లకు కొని తెచ్చినవి. రూపాయి తగ్గిన కొంతకాలమునకు దుకాణదారు వాటి రూపాయి ధరను పెంచును. ప్రవాసికి ఒక చేత వచ్చిన లాభము మరియొక చేత పోవును.

మూడవ ప్రశ్న: నాణెము ఎన్నిమారులు, ఎవరి చేత మారినది?

ఎక్కువ నష్టము కలుగుచోటు ఇదియే. కువైటు బ్యాంకు కార్డుతో మన దేశపు దుకాణములో కొన్నచో, బ్యాంకు దినారులను రూపాయలుగా మార్చుచు తన రుసుము చేర్చుకొనును. ఇది సాధారణముగా నూటికి ఒకటి మొదలు మూడు వరకును, ఒక్కొక్కచోట అంతకు మించియు నుండును.

కొన్ని దుకాణములు వెల చెల్లించు సమయమున “మీ దినారులలో చెల్లించెదరా?” అని అడుగును. తెలిసిన నాణెము గదా యని సమ్మతించుట పొరపాటు. ఉదాహరణకు 14,500 రూపాయల వస్తువునకు, దినారు 290 రూపాయలున్ననాడు, 50 దినారులు కావలెను. దుకాణము 52 దినారుల 500 ఫిల్సులు చూపినచో, అది దినారునకు 276 రూపాయలే లెక్క కట్టినదన్నమాట. నూటికి ఐదు వంతులు మారు మాట లేక పోయినవి. అట్టి ప్రశ్న వచ్చినపుడు రూపాయలలోనే చెల్లించుట సాధారణముగా మేలు.

వస్తువు నచ్చక తిరిగి పంపినపుడు మరియొక చిక్కు కలదు. దుకాణము రూపాయలను పూర్తిగా ఇచ్చినను, అవి దినారులుగా మారునది ఆనాటి రేటున. రేటు మారియున్నచో, ఇచ్చినన్ని దినారులు తిరిగి రావు.

దీనికి ఉపాయము, నాణెమును ఒక్కసారియే మార్చుట. ప్రవాసి తన విదేశ సంపాదనను మన దేశపు బ్యాంకులో ఎన్.ఆర్.ఇ. ఖాతాలో వేసికొనవచ్చును. అచట రూపాయలైన పిదప ఆ ఖాతా కార్డుతో మన దుకాణములలో కొన్నచో మరల మార్పిడి యుండదు. విదేశపు ఫోను నంబరుతోనే యు.పి.ఐ. ద్వారా చెల్లించు వసతిని 2023 జనవరిలో పది దేశముల ప్రవాసులకు ప్రకటించిరి. సౌదీ, ఎమిరేట్సు, కతార్, ఒమాన్ వాటిలో నుండగా, కువైటు ఆ పదింటిలో లేదు. కువైటువారు తమ బ్యాంకు నడిగి తెలిసికొనవలెను. అన్నిటికన్న సులభమైనది, ప్రతి నెల ఇంటికి పంపు సొమ్ములోనే వస్తువు వెలను చేర్చి పంపి, ఇంటివారిచే కొనిపించుట.

ఒక తల్లి లెక్క

కువైటులో ఇంటి పని చేయు ఒక తల్లి నెలకు 80 దినారులు ఇంటికి పంపుచున్నదనుకొందము. కూతురు తిరుపతిలో చదువుచున్నది; ఊరిలో అవ్వ ఇల్లు నడుపుచున్నది. కూతురి చదువునకు 14,500 రూపాయల ఫోను కావలెను.

దినారు 250 రూపాయలున్నపుడు ఆ తల్లి సొమ్ము ఇంటికి పంపి కొనిపించియున్నచో 58 దినారులు చాలును. దినారు 290 రూపాయలకు పెరిగిన పిదప 50 దినారులే చాలునని, ఎనిమిది దినారులు మిగులునని ఆమె ఆశించినది. అప్పటికి ఫోను ధర 15,660 రూపాయలైనది. అనగా 54 దినారులు. కువైటు కార్డుతో చెల్లించుటవలన నూటికి మూడు వంతున మరి 1 దినారు 620 ఫిల్సులు పోయినవి. మొత్తము 55 దినారుల 620 ఫిల్సులు. ఎనిమిది దినారుల లాభము రెండున్నర దినారులకు లోపునకు దిగినది. నెలనెల పంపు సొమ్ముతో కలిపి పంపియున్నచో, కార్డు రుసుము పూర్తిగా మిగిలెడిది.

ఇంతకన్న పెద్ద లెక్క మరియొకటి కలదు. 80 దినారులకు పూర్వము 20,000 రూపాయలు వచ్చెడివి; ఇప్పుడు 23,200 వచ్చుచున్నవి. నెలకు 3,200 రూపాయలు అధికము. వీసాకై ఊరిలో లక్షన్నర రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చియున్నచో, నెల వడ్డీయే 3,000 రూపాయలు. అప్పు రూపాయలలో నున్నది, సంపాదన దినారులలో నున్నది. రూపాయి తగ్గినపుడు అప్పు తీర్చుట సులువగును. అధికముగా వచ్చిన 3,200 రూపాయలను అసలులో జమ కట్టినచో నెల వడ్డీలో 64 రూపాయలు తగ్గును. ప్రతి నెల అట్లు కట్టుచు పోయినచో ఆ తల్లి ఇంటికి తిరిగివచ్చు దినము దగ్గరపడును. అదే సొమ్ము చవుక యను భ్రమతో అనవసర వస్తువులకు పోయినచో, దినారు మరల తగ్గిననాడు వస్తువులు పాతబడియుండును, అప్పు మాత్రము అట్లే యుండును.

ఊరి లెక్క

ఊరిలో అందరికిని కువైటులో బంధువులు లేరు. మన దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా, వంటనూనెలో సగమునకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నవి. రూపాయి తగ్గినపుడు వీటి దిగుమతి ఖర్చు పెరుగును. ఆ భారము ట్రాక్టరు బాడుగలోను, నూనె ప్యాకెట్టు ధరలోను ఏదో ఒక రూపమున ఊరికి చేరును. దినారు రాని ఇంటికి ఇందులో లాభము లేదు, భారము మాత్రమే కలదు. కనుక రూపాయి పడుట ఊరికి శుభవార్త యని చెప్పుట సరికాదు.

సభ్యులు చేయదగినవి

ప్రవాసుల కుటుంబములకు ఈ నాలుగు మాటలు గ్రామసభలో తెలియజెప్పిన చాలును.

1. సొమ్ము పంపునపుడు రుసుమును మాత్రమే చూడక, తుదకు ఇంటికి ఎన్ని రూపాయలు చేరునో రెండు మూడు చోట్ల అడిగి పోల్చవలెను.

2. వెలను రూపాయలలోనే చెల్లించవలెను. నాణెమును ఒక్కసారియే మార్చవలెను.

3. రేటు ఇంకను పెరుగునని వేచి, బడి రుసుమును, వైద్యమును, వడ్డీని ఆపరాదు. రేపటి రేటు ఎవరికిని ముందుగా తెలియదు.

4. దినారు పెరిగినపుడు అధికముగా వచ్చిన రూపాయలను మొదట అప్పునకు, పిదప పొదుపునకు, ఆపైననే కొనుగోలునకు వినియోగించవలెను.

చేతిపనివారును, పొదుపు సంఘములును గల గ్రామములలో సభ్యులు మరియొక పని కూడ చేయవచ్చును. పరదేశములందున్న మన ఊరివారికి మన కలంకారి, మన కొయ్య బొమ్మలు ఆన్‌లైనులో దొరకునట్లు పనివారికి తోడ్పడినచో, ప్రవాసి కొను వస్తువు వెల మన ఊరి చేతులలోనే నిలుచును.

మారకపు రేటును ఏ పంచాయతీయు మార్చజాలదు. కాని దూరదేశములో ఒక తల్లి సంపాదించిన దినారు తన ఇంటికి చేరులోపల ఎచ్చటెచ్చట కరగుచున్నదో చూపి, ఆ కరగుటను ఆపుట మన చేతిలోని పనియే.