కమలాపురం గుజ్జు, కుర్తీ దారం

బిడ్డా, ప్రపంచీకరణ అంటే ఏమిటని అడిగావు కదా, నీ కుర్తీ లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగు. పట్కారుతో పట్టుకొని నీళ్ల గిన్నె పైన అంటించు. కాగితం కాలిన వాసన వచ్చిందా? నలిపితే బూడిదయింది కదా! పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కట్టేది. పత్తి దారమూ ఇలాగే కాలుతుంది, కానీ నీ కుర్తీది రేయాన్. చెట్టు నుంచి పుట్టిన దారం.

కర్రలో 40 నుంచి 50 శాతం దాకా సెల్యులోజ్ ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని లిగ్నిన్ ఉంటుంది. కర్రను ముక్కలు కొట్టి, రసాయనాలతో ఉడికించి లిగ్నిన్ తీసేస్తే గుజ్జు మిగులుతుంది. రేయాన్‌కు ఈ గుజ్జు కాగితం గుజ్జు కంటే శుద్ధంగా ఉండాలి, 90 శాతానికి పైనే సెల్యులోజ్. దాన్ని కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌తో చిక్కటి ద్రవంగా మార్చి, మురుకుల గొట్టంలో పిండి ఒత్తినట్టు సన్నని రంధ్రాల గుండా ఆమ్లం తొట్టిలోకి ఒత్తుతారు. అక్కడ అది దారమై గట్టిపడుతుంది.

ఆ గుజ్జు మన ఏటూరునాగారం పక్కనే, మంగపేట మండలం కమలాపురంలో తయారయ్యేది. ఏపీ రేయాన్స్‌గా మొదలై, తర్వాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ చేతికి పోయింది. జనం నోట్లో 'బిల్ట్'. వెదురు, జామాయిల్ కర్ర, పక్కనే గోదావరి నీళ్లు. సరుకు దారం తీసే గ్రాసిం కంపెనీకి పోయేది.

2011 ప్రాంతంలో ప్రపంచమంతటా పత్తి ధర మండిపోయింది. బట్టల మిల్లులు రేయాన్ వైపు తిరిగాయి, గుజ్జు ధరా ఎగబాకింది. లాభం చూసి దేశదేశాల కాగితం మిల్లులు ఈ గుజ్జులోకి దిగాయి. సరుకు పోటెత్తింది, రెండేళ్లకే ధర కుప్పకూలింది. ఓడలో వచ్చే గుజ్జే చవక కావడంతో కమలాపురం సరుకు కొనేవాళ్లు లేకపోయారు. 2014లో మిల్లు ఆగింది. మిషన్లు అవే, కర్ర అదే, చేసే మనుషులూ వాళ్లే. ధర మాత్రం ఇక్కడ తేలలేదు.

మన తేజ మిర్చికి చైనా గిరాకీతో రేటు లేచేదీ ఈ దారిలోనే. అందుకే ప్రపంచీకరణను మంచనీ చెడనీ ఒక్క మాటలో తేల్చలేను. కానీ మిర్చి రేటు పడితే రైతు వచ్చే ఏడాది ఇంకో పంట వేసుకోగలడు. జామాయిల్ రైతుకూ సారపాక కాగితం మిల్లు ఉంది. గుజ్జు ఉడికించడం తప్ప మరో పని నేర్వని కార్మికుడికి మాత్రం ఈ చుట్టుపక్కల రెండో రేయాన్ గుజ్జు మిల్లు లేదు. ప్రభుత్వం రాయితీలిస్తామన్నా కమలాపురం మిల్లు తెరుచుకోలేదు.