కోర్టు తీర్చమన్న అప్పు: నెలనెలా కొంత, ప్రతి పైసాకూ రసీదు

అప్పు తీసుకునే రోజున ప్రతి మనిషీ తీర్చగలననే అనుకుంటాడు. తర్వాత వ్యాపారం దెబ్బతింటుంది, ఇంట్లో జబ్బు వస్తుంది, కూతురి పెళ్ళి ఖర్చు చేయి దాటుతుంది. ప్రోనోటు గడువు మీరిపోతుంది. రుణదాత కోర్టుకెక్కుతాడు, డిక్రీ పడుతుంది. ఆపైన చాలామంది చేసే పని ఒక్కటే, ముఖం చాటేయడం. నోటీసు వస్తే పుచ్చుకోరు, రుణదాత ఎదురైతే వీధి మారతారు. అలా ఏళ్ళు గడిచిపోతాయి. డిక్రీ మాత్రం ఎక్కడికీ పోదు. దాన్ని అమలు చేయించుకోవడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం రుణదాతకు 12 సంవత్సరాల గడువిచ్చింది.

రుణం విషయంలో ఇస్లాం ఇరుపక్షాలకూ బాధ్యత అప్పగించింది. ఇబ్బందుల్లో ఉన్నవానికి చేయి ఆడేవరకు గడువివ్వాలనీ, మాఫీ చేస్తే మరీ మేలనీ దివ్య ఖుర్ఆన్ (2:280) రుణదాతకు బోధిస్తుంది. స్తోమత ఉండి కూడా జాప్యం చేయడం అన్యాయమని దైవప్రవక్త (స) రుణగ్రస్తుణ్ణి హెచ్చరించారు.

ఒకసారి మస్జిదులోనే హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (ర) తనకు రావలసిన బాకీ గురించి ఇబ్ను అబీ హద్రద్ (ర)ను నిలదీశారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఇంట్లో ఉన్న దైవప్రవక్త (స) బయటికి వచ్చి, సగం తగ్గించమని కాబ్‌కు సైగ చేశారు. ఆయన వెంటనే అంగీకరించారు. అప్పుడు రెండవ వ్యక్తితో, ఇక లేచి మిగిలింది తీర్చమని చెప్పారు. ఈ సంఘటన బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. ఒకరు తగ్గారు, మరొకరు తీర్చడానికి లేచారు. పాత డిక్రీ విషయంలోనూ ఇదే మంచి దారి.

వాయిదాలు ఎలా?

సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డరు 11వ రూలు ప్రకారం, తీర్పు చెప్పేటప్పుడే కోర్టు వాయిదాల మీద చెల్లించమని ఆదేశించవచ్చు. తీర్పు తర్వాతైతే 30 రోజుల్లోగా అర్జీ పెట్టుకోవాలి, డిక్రీదారు సమ్మతి కూడా కావాలి. కాబట్టి పాత డిక్రీ ఉన్నవారు ముందు డిక్రీదారును కలిసి మాట్లాడుకోవాలి. రాజీ కుదిరే అవకాశముంటే లోక్ అదాలత్‌కు వెళ్ళవచ్చు. స్త్రీలకూ, తక్కువ ఆదాయం గలవారికీ న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతాడు. నెలకు ఎంత ఇవ్వగలమో ఇంటి ఖర్చు లెక్క వేసుకునే చెప్పాలి. గొప్పకు పోయి రెండు వేలు ఒప్పుకొని మూడో నెలలో ఆగిపోవడం కంటే, వెయ్యి ఒప్పుకొని తప్పకుండా కట్టడం మేలు.

చేతికిచ్చిన డబ్బు

మనవాళ్ళు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నెలనెలా డిక్రీదారు చేతిలో డబ్బు పెడతారు, రసీదు అడగడానికి మొహమాటపడతారు. కొన్నేళ్ళకు ఆయన కన్నుమూస్తే, కొడుకులు మొత్తం సొమ్ముకు ఈపీ వేస్తారు. 21వ ఆర్డరు 2వ రూలు ప్రకారం, కోర్టు రికార్డుకెక్కని చెల్లింపును డిక్రీ అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదు. డిక్రీదారు తానుగా చెప్పకపోతే, చెల్లించినవారే 30 రోజుల్లోగా అర్జీ పెట్టుకోవాలి. అన్నిటికంటే క్షేమం, కోర్టులోనే జమచేసి డిక్రీదారుకు నోటీసు అందేలా చూడడం. బయట ఇచ్చేదైతే బ్యాంకు ద్వారానో, వ్రాతపూర్వకమైన రసీదు మీదనో ఇచ్చి, దాన్ని కోర్టులో నమోదు చేయించాలి. అప్పు వ్యవహారాన్ని వ్రాసిపెట్టుకోమని ఖుర్ఆన్ (2:282) కూడా ఆదేశించింది. రసీదు అడగడం అవమానించడం కాదు.

వడ్డీ లెక్క

వ్యాపార లావాదేవీ కాని డిక్రీలో, తీర్పు తర్వాతి వడ్డీ ఏడాదికి 6 శాతం మించకూడదు. డిక్రీ అసలు 60,000 రూపాయలు, వడ్డీ 6 శాతం అనుకుందాం. నెలకు 300 రూపాయలు వడ్డీకే పోతుంది. వేరే ఒప్పందం లేకపోతే కట్టిన సొమ్ము ముందు వడ్డీ కిందే జమ అవుతుంది. నెలకు 300 కట్టేవారి అసలు ఎన్నేళ్ళకూ తరగదు. 1,000 కడితే సుమారు 72 నెలలు పడుతుంది. డిక్రీదారు వడ్డీ వదులుకుంటే 60 నెలల్లో తీరిపోతుంది. ముస్లిం రుణదాతలు ఈ లెక్క గురించి ఆలోచించాలి. వడ్డీ వదులుకునే మాటను కాగితం మీద పెట్టించుకోవాలి.

భయపడి దాక్కోవద్దు

ఈపీ నోటీసు వస్తే కోర్టుకు వెళ్ళి, రాబడి ఎంతో నిజం చెప్పాలి. పేదరికం వల్ల మాత్రమే తీర్చలేకపోయిన మనిషిని జైలుకు పంపరాదని 1980లో బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. ఉండి కూడా ఎగ్గొట్టేవారికి ఆ రక్షణ లేదు. జైలుకు వెళ్ళివచ్చినా అప్పు తీరినట్లు కాదు. డబ్బు డిక్రీలో స్త్రీలను అరెస్టు చేయరాదు. వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కబట్టలు, చేతిపనివాని పనిముట్లు జప్తు చేయరాదు. జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులూ జప్తుకు అతీతం.

వారసుల వంతు

మరణించినవారి అప్పులు తీర్చాకే ఆస్తి పంపకమని ఖుర్ఆన్ (4:11, 12) నిర్దేశించింది. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. చట్టమూ ఇదే దారిలో ఉంది. వారసులు తమ చేతికి వచ్చిన ఆస్తి మేరకే డిక్రీకి బాధ్యులు. ఆస్తి లేకపోయినా తండ్రి బాకీ తీర్చే బిడ్డలది గొప్ప మనసు. బాకీపడి చనిపోయిన ఒక వ్యక్తి జనాజా నమాజును దైవప్రవక్త (స) తాము చేయించకుండా ఆగారు. ఆ బాకీ నాదని హజ్రత్ అబూ ఖతాదా (ర) పూచీపడ్డాకే చేయించారు. జకాత్ పొందదగినవారిలో రుణగ్రస్తులూ ఉన్నారన్న సంగతి (9:60) బంధువులు, మస్జిదు కమిటీలు గుర్తుంచుకోవాలి.

12 ఏళ్ళు దాటితే కోర్టు తలుపు మూసుకోవచ్చు. అయినా తీసుకున్న సొమ్ము తీసుకున్నదే. ఈ నెల ఒకటో తారీఖున మొదటి వెయ్యి రూపాయలు జమచేసి రసీదు పుచ్చుకున్నవారు, రెండో తారీఖున ఆ వీధిలోనే తలెత్తుకొని నడవగలరు.