వీవన ఆగిన వేళ

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో మనం పొందే సమాచార సేవలలో అధికభాగం సర్వర్లనే కంప్యూటర్లపై ఆధారపడి ఉన్నాయి. వాటిని వేడి బారినుండి కాపాడే ఫ్యాన్ల పనితీరును, అవి చెడిపోయినప్పుడు మార్చే విధానాన్ని వివరించడం, చిన్న భాగం పట్ల కూడా శ్రద్ధ వహించవలసిన అవసరాన్ని తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యాంశం

గాలి విసిరే సాధనాలకు తెలుగులో ఎన్నో పేర్లున్నాయి. సామాన్యుని చేతిలోని తాటాకు విసనకర్ర, రాజసభలోని వింజామర, దేవుని ఊరేగింపులోని ఆలవట్టం, కావ్యభాషలోని వీవన, తాళవృంతం వీటిలో కొన్ని. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి, నీళ్ళు చిలకరించి, లోపలికి వచ్చే గాలిని చల్లబరచుకోవడం కూడా మన పూర్వులు ఎరిగినదే. తడిక గాలిని చల్లబరుస్తుంది. వీవన మాత్రం చల్లదనాన్ని సృష్టించదు. శరీరం చుట్టూ నిలిచిన వేడిగాలిని తొలగించి, దాని చోటికి కొత్త గాలిని రప్పిస్తుంది. వేడిని నశింపజేయడం వీవన పని కాదు, వేడిని మరొక చోటికి తరలించడమే దాని పని. ఈ చిన్న సత్యమే నేటి సమాచార యంత్రాలకు ప్రాణాధారమయింది.

హైదరాబాద్ నగరానికి వాయవ్యంగా, మియాపూర్‌కు చేరువలో బాచుపల్లి ఉన్నది. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఒక మండలంగా ఏర్పడింది. 1995లో వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి, 1997లో గోకరాజు రంగరాజు ఇంజనీరింగ్ కళాశాలలు స్థాపితమైన ఈ పరిసరాలు క్రమంగా విద్యాకేంద్రంగా రూపొందాయి. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అటుపిమ్మట సాఫ్ట్‌వేర్ రంగం విస్తరించిన కొద్దీ ఆ ఉద్యోగుల నివాసాలు బాచుపల్లి వరకు వ్యాపించాయి. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ తన క్లౌడ్ సేవల కోసం హైదరాబాద్ పరిసరాల్లో డేటా సెంటర్ల సముదాయాన్ని ప్రారంభించింది. సర్వర్లు అటువంటి భారీ కేంద్రాలకే పరిమితం కావు. కళాశాలలో, ఆసుపత్రిలో, బ్యాంకులో, చిన్న కార్యాలయంలో ఒక మూలగదిలో కూడా సర్వర్ నిర్విరామంగా పనిచేస్తూ ఉండవచ్చు.

ఈ విషయం విద్యార్థులకు దూరమైనది కాదు. తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు 2024లో ఏప్రిల్ 24న, 2025లో ఏప్రిల్ 22న వెలువడ్డాయి. తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులు పరీక్షలు వ్రాసే రాష్ట్రంలో, ఫలితాలు ప్రకటించిన క్షణం నుండి వారూ వారి తల్లిదండ్రులూ ఒకేసారి వెబ్‌సైట్లను తెరుస్తారు. సర్వర్లపై భారం పెరుగుతుంది. అవి ఎండలు మండే రోజులు కూడా. యంత్రానికి లోపలి వేడి, బయటి వేడి ఏకకాలంలో పెరిగే ఆ సమయంలో చిన్న ఫ్యాన్ విలువ ఏమిటో తెలుస్తుంది.

సర్వర్ స్వరూపం

సర్వర్లను ర్యాక్ అనే ఇనుప చట్రంలో అరల వలె ఒకదానిపై ఒకటి అమరుస్తారు. ఈ అమరిక వెడల్పు ప్రపంచమంతటా 19 అంగుళాలుగా స్థిరపడింది. ఎత్తును ‘యు’ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక ‘యు’ 44.45 మిల్లీమీటర్లకు సమానం. ఒక ‘యు’ ఎత్తున్న సర్వర్‌లో అరచేతి కంటె చిన్నవైన, 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మాత్రమే పడతాయి. పరిమాణం తగ్గిన లోటును అవి వేగంతో పూరిస్తాయి. వీటిలో కొన్ని నిమిషానికి 15,000 సార్లకు పైగా తిరుగుతాయి. సర్వర్ గదిలో వినిపించే హోరు అధికంగా వీటిదే.

ప్రాసెసర్ వాడుకొన్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. ఆ వేడి పైనున్న హీట్‌సింక్ అనే లోహపు రెక్కలలోకి ప్రవహిస్తుంది. ముందుభాగం నుండి చొరబడిన చల్లని గాలి ఆ రెక్కల మధ్యగా సాగి, వేడిని గ్రహించి, వెనుకభాగం నుండి వెలుపలికి పోతుంది. ఉదాహరణకు ఒక సర్వర్ 500 వాట్ల విద్యుత్తును వినియోగిస్తున్నదనుకుందాం. లోపలికి వచ్చిన గాలి 15 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటకు పోవాలంటే సెకనుకు సుమారు 30 లీటర్ల గాలి ప్రవహించాలి. అంటే రెండు పెద్ద బిందెలలో పట్టేంత గాలి ప్రతి సెకనూ ఆ సన్నని అర గుండా సాగిపోవాలి.

ఈ గాలి మొదటే వేడిగా ఉంటే ప్రయోజనం ఉండదు. సర్వర్‌లోకి ప్రవేశించే గాలి 18 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య ఉండడం మేలని అమెరికాలోని ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం సూచించింది. హైదరాబాద్ వేసవిలో బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అందుచేత గదిని ఏ.సి. చల్లబరచాలి, యంత్రంలోని వేడిని ఫ్యాన్ బయటకు నెట్టాలి. ఒకటి విఫలమైతే రెండవదాని శ్రమ కూడా వ్యర్థమే.

ఫ్యాన్ ఎందుకు చెడిపోతుంది?

సర్వర్ భాగాలలో అధికభాగం కదలనివి. నిరంతరం కదిలేది ఫ్యాన్. కదిలేది అరుగుతుంది. దాని ఇరుసును మోసే బేరింగులోని కందెన వేడికి క్రమంగా ఆరిపోతుంది. దుమ్ము రెక్కలకు పట్టి సమతౌల్యాన్ని చెడగొడుతుంది. చుట్టూ నూతన నిర్మాణాలు సాగే బాచుపల్లి వంటి ప్రాంతాలలో దుమ్ము విషయమై ఎంతటి జాగ్రత్త తీసుకొన్నా అధికం కాదు.

తయారీదారులు ఫ్యాన్ ఆయుర్దాయాన్ని గంటలలో పేర్కొంటారు. 60 డిగ్రీల వేడిలో 40,000 గంటలని కొన్ని ఫ్యాన్లపై ప్రకటిస్తారు. సంవత్సరానికి 8,760 గంటలు కనుక ఇది సుమారు నాలుగున్నర సంవత్సరాలు. అయితే ప్రతి ఫ్యాన్ అంతకాలం పనిచేస్తుందని దీని అర్థం కాదు. సాధారణంగా ఆ గడువు నాటికి నూటికి పది ఫ్యాన్లు చెడిపోవచ్చునని, తొంభై నిలిచి ఉంటాయని దాని భావం. ఆ పదింటిలో మన ఫ్యాన్ ఉన్నదో లేదో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. కనుకనే హెచ్చరికలను గమనించడం అవసరం.

ఫ్యాన్ ఒక్కసారిగా ఆగిపోవడం అరుదు. ముందుగా కీచుమనే శబ్దమో, గరగరమనే శబ్దమో వినిపిస్తుంది. వేగం తగ్గుతుంది, లేదా హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఫ్యాన్ తన ప్రతి భ్రమణానికి సాధారణంగా రెండు సంకేతాలను మదర్‌బోర్డుకు పంపుతుంది. సెకనుకు 500 సంకేతాలు వస్తే ఫ్యాన్ 250 సార్లు, అంటే నిమిషానికి 15,000 సార్లు తిరుగుతున్నదని సర్వర్ గ్రహిస్తుంది. వేగం నిర్ణీత హద్దు కంటె తగ్గితే ఎరుపు లేదా నారింజరంగు దీపం వెలిగించి, ఆ విషయాన్ని తన చిట్టాలో నమోదు చేస్తుంది.

ఒక్కటి ఆగితే ఏమవుతుంది?

సర్వర్‌లో ఆరు ఫ్యాన్లు ఉన్నాయనుకుందాం. ఒకటి ఆగితే మిగిలిన ఐదూ ఆ లోటును పూరించడానికి సుమారు 20 శాతం అధిక వేగంతో తిరగాలి. ఫ్యాన్ వాడుకొనే విద్యుత్తు దాని వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం 1.2 రెట్లయితే విద్యుత్తు సుమారు 1.73 రెట్లవుతుంది. ఈ లెక్కన ఐదు ఫ్యాన్లు కలిసి వాడే విద్యుత్తు, ఆరూ తిరిగినప్పటి కంటె 44 శాతం అధికం. పైగా ఆగిన ఫ్యాన్ ద్వారం గుండా గాలి వెనుకకు మళ్ళే అవకాశం ఉంటుంది కనుక వాస్తవంలో శ్రమ ఇంకా పెరుగుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఒకరు మంచాన పడితే మిగిలినవారు ఆ భారాన్ని మోసినట్లే ఇదీను. అధిక భారం మోసిన వారు త్వరగా అలసిపోతారు. వారు కూడా కూలబడక ముందే సహాయం అందాలి.

సహాయం అందకపోతే ప్రాసెసర్ ఉష్ణోగ్రత పెరుగుతుంది. చాలా ప్రాసెసర్లకు హద్దు 80 నుండి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ హద్దుకు చేరువైనప్పుడు అవి తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి. వాడుకరికి వెబ్‌పేజీ మందగించినట్లు మాత్రమే తోస్తుంది. వేడి ఇంకా పెరిగితే సర్వర్ ఆత్మరక్షణ కోసం ఆగిపోతుంది.

మార్చే విధానం

ఫ్యాన్‌ను మార్చడానికి ముందు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, చెడినది ఏ సర్వర్‌లోని ఏ ఫ్యాన్ అన్నది. ర్యాక్‌లో ఒకే పోలిక గల యంత్రాలు అనేకం ఉంటాయి. పొరపాటున ఆరోగ్యంగా ఉన్న సర్వర్‌ను ఆపివేస్తే నష్టం రెట్టింపవుతుంది. అందువల్ల చాలా సర్వర్లకు గుర్తింపు దీపం అమర్చి ఉంటుంది. దూరం నుండే దానిని వెలిగించి, యంత్రం ఎదుటికి వెళ్ళి సరిచూసుకోవచ్చు.

రెండవది, కొత్త ఫ్యాన్ ఎంపిక. కొలత ఒకటైనంత మాత్రాన సరిపోదు. తయారీదారు పేర్కొన్న భాగపు సంఖ్య, విద్యుత్ ప్రమాణం, తీగల వరుస సరిపోవాలి. శబ్దం తక్కువని నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌ను అమర్చితే, వేగం హద్దు కంటె తక్కువగా ఉన్నదని సర్వర్ దానిని కూడా చెడినదిగానే భావిస్తుంది. చాలా ఫ్యాన్ల చట్రంపై గాలి దిశను తెలిపే బాణపు గుర్తు ఉంటుంది. దానిని తిరగవేసి అమర్చితే వేడి బయటకు పోవడానికి బదులు లోపలికే మళ్ళుతుంది.

మూడవది, సర్వర్ నడుస్తుండగా ఫ్యాన్‌ను మార్చవచ్చునా లేదా అన్నది. కొన్నింటిలో అందుకు వీలుంటుంది. వీలులేని వాటిని క్రమపద్ధతిలో ఆపి, విద్యుత్ తీగలను తొలగించాలి. చాలా సర్వర్లకు రెండు విద్యుత్ తీగలు ఉంటాయి కనుక రెండింటినీ తీయాలి. శరీరంలోని స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగాలను దెబ్బతీయకుండా మణికట్టుకు భూసంధానం గల పట్టీ ధరించాలి. ర్యాక్ నుండి ఒకసారికి ఒక్క సర్వర్‌నే ముందుకు లాగాలి. రెండు మూడింటిని లాగితే బరువు ముందుకు మొగ్గి ర్యాక్ ఒరిగే ప్రమాదం ఉన్నది.

మూత తెరిచిన తరువాత కాలం విలువైనది. మూత కేవలం కప్పు కాదు, గాలిని హీట్‌సింక్‌ల వైపు నడిపించే గోడ కూడా. నడుస్తున్న సర్వర్‌కు మూత తీస్తే గాలి దారితప్పుతుంది. కనుక కొత్త ఫ్యాన్‌ను చేత సిద్ధంగా ఉంచుకొన్న తరువాతనే మూత తీయాలి. కొత్తది చేతికి రానంతవరకు చెడిన ఫ్యాన్‌ను తొలగించి ఖాళీ విడిచిపెట్టరాదు. రెక్కలు పూర్తిగా ఆగిన పిమ్మట గొళ్ళెం నొక్కి, పిడి పట్టుకొని పాతదానిని నిటారుగా పైకి తీయాలి. కొత్తదానిని బాణపు దిశ చూసి, బలవంతం చేయకుండా, గొళ్ళెం పడిన చప్పుడు వినిపించే వరకు దించాలి. వెంటనే మూత మూయాలి.

ఇల్లు అలకగానే పండుగ కాదు. కొత్త ఫ్యాన్ తిరిగినంత మాత్రాన పని ముగియలేదు. దాని వేగం మిగిలిన వాటితో సరితూగుతున్నదా, హెచ్చరిక దీపం ఆరిందా, ప్రాసెసర్ ఉష్ణోగ్రత మునుపటి స్థితికి దిగిందా అని కొంతసేపు గమనించాలి. తేదీని, ఫ్యాన్ సంఖ్యను, కారణాన్ని పుస్తకంలో వ్రాసి ఉంచాలి. ఒకే యంత్రంలో తరచుగా ఫ్యాన్లు చెడుతుంటే దోషం ఫ్యాన్లది కాక, గదిలోని దుమ్ముదో, వేడిదో కావచ్చునని ఆ వ్రాత తెలియజేస్తుంది. తీసివేసిన ఫ్యాన్‌ను చెత్తకుప్పలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలను అనుసరించి, నమోదు పొందిన పునశ్శుద్ధి సంస్థలకు చేరేలా చూడాలి.

ముగింపు

పెద్ద డేటా సెంటర్లలో రేయింబవళ్ళు సిబ్బంది ఉంటారు. ఒక ఫ్యాన్ ఆగినా సేవ ఆగకుండా ముందే అదనపు ఏర్పాట్లు ఉంటాయి. చిన్న కళాశాలలోనో, ఆసుపత్రిలోనో ఉండే సర్వర్ గదికి అటువంటి రక్షణ తక్కువ. అక్కడ మూసిన తలుపు వెనుక హోరు పెరిగినా, అది ఎప్పుడూ ఉండేదేనని దాటిపోయేవారే అధికం. ఆ హోరులో వచ్చిన మార్పును గుర్తించి, ఆగి, తలుపు తెరిచి చూసే ఒక్క సాంకేతికుని శ్రద్ధపైనే అక్కడి సేవ ఆధారపడి ఉంటుంది. ఫలితాల దినాన తన మార్కులను క్షణంలో చూసుకొన్న విద్యార్థికి ఆ వ్యక్తి ఎవరో తెలియదు. ఫ్యాన్ సకాలంలో మారినందువల్ల జరగకుండా పోయిన అంతరాయం ఎవరికీ కనిపించదు. నిర్వహణ పనికి తగిన గుర్తింపు రాకపోవడానికి ఇదే కారణం, ఆ పని గౌరవింపదగినది కావడానికి కూడా ఇదే కారణం.

ప్రశ్నలు

1. వీవన పని చల్లదనాన్ని సృష్టించడం కాదని ఎందుకు చెప్పవచ్చు?
2. ఆరు ఫ్యాన్లలో ఒకటి ఆగినప్పుడు మిగిలిన వాటిపై పడే భారాన్ని లెక్కతో వివరించండి.
3. కొత్త ఫ్యాన్‌ను ఎంపిక చేసేటప్పుడు గమనించవలసిన అంశాలేవి?
4. మీ కళాశాలలో ఎవరి దృష్టికీ రాకుండా జరిగే ఒక నిర్వహణ పనిని గురించి పది వాక్యాలలో వ్రాయండి.