శీలావతి, ఇండికా, నాటు విత్తనం: గంజాయి చుట్టూ అల్లిన అబద్ధాలు

చేపల మార్కెట్లో శీలావతి అంటే బొచ్చె పక్కన పెట్టి అమ్మే మంచినీటి చేప. కేరళలోనో బెంగళూరులోనో కుర్రాళ్ల మధ్య అదే మాట అంటే ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల నుంచి వచ్చే గంజాయి. మొన్న దసరాకి వచ్చిన మా అక్క కొడుకు చెప్పాడు: "మామయ్యా, శీలావతి అంటే అసలైన ఇండికా. మన కొండల్లో తాతల నాటి విత్తనం. కెమికల్ ఏమీ ఉండదు, మందు మొక్క." వాడు కల్పించి చెప్పలేదు, హాస్టల్లో విన్నదే చెప్పాడు. అందుకే నాకు భయమేసింది. ఆ నాలుగు ముక్కల్లో వాడు అనుకున్నట్టు నిలబడేది ఒక్కటీ లేదు.

అపోహ: ఇండికా అంటే పొట్టిగా, గుబురుగా, వెడల్పాటి ఆకులతో ఉండే మొక్క.

1753లో లిన్నేయస్ ఐరోపాలో నార కోసం పండించే మొక్కకు కన్నబిస్ సటైవా అని పేరు పెట్టాడు. 1785లో ఫ్రాన్స్‌లో లామార్క్ మన దేశం నుంచి వెళ్లిన ఎండు మొక్కలు చూసి, ఇది వేరే జాతి అని కన్నబిస్ ఇండికా అన్నాడు. ఇండియాది కాబట్టి ఇండికా, అంతే. ఆయన వర్ణించిన మొక్క ఆకు రెబ్బలు సన్ననివి. మరి ఆ పొట్టి మొక్క ఎక్కడిది? హిందూకుష్ కొండల్లో అఫ్గాన్ రైతులు చరస్ కోసం పెంచే రకం. 1970లలో అమెరికా వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ షుల్టెస్ దాన్ని ఇండికా కింద చేర్చాక, పేరు అక్కడికి తరలిపోయింది. ఇప్పుడు బయటి వ్యాపారులు మన దేశపు పొడుగు మొక్కను చూసి ఇది సటైవా అంటున్నారు. ఏ నేల మొక్కను చూసి పేరు పెట్టారో ఆ నేల మొక్కకే ఆ పేరు దక్కకుండా పోయింది.

పొట్టి, పొడుగు తేడా చాలావరకు వాతావరణం చేసిన పని. పొద్దు కురచయితే పూతకొచ్చే మొక్క ఇది. చలి ముందే ముంచుకొచ్చే ఉత్తరాన త్వరగా పూసి గింజ కట్టిన మొక్కే బతికి బట్టకట్టింది. మన మన్యంలో, కేరళలోని ఇడుక్కిలో ఆ తొందర లేదు, అందుకే మొక్క మనిషి ఎత్తు దాటిపోతుంది.

ఇండికా పీలిస్తే నిద్ర, సటైవా పీలిస్తే హుషారు అనే మాటకూ ఇదే గతి. 2021లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దాదాపు 300 నమూనాల జన్యువులు చూసి, సీసా మీద రాసే ఇండికా, సటైవా పేరుకూ మొక్క వంశానికీ పెద్దగా పొంతన లేదని తేల్చింది. కొన్ని వాసన పదార్థాల్లో మాత్రం తేడా కనిపించింది.

అపోహ: నాటు విత్తనం అంటే కల్తీలేని ఒకే రకం.

నాటు రకాల గొప్పతనం సరిగ్గా దీనికి వ్యతిరేకం. నాటు జొన్న చేలో నిలబడి చూడండి, ఏ రెండు కంకులూ ఒకేలా ఉండవు. గంజాయిలో ఇది ఇంకా ఎక్కువ. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మగ పూల పుప్పొడి సన్నటి పిండిలా గాలికి లేచి కిలోమీటర్ల దూరం పోతుంది. పక్క కొండ మీది మొక్క ఈ కొండ విత్తనంలో కలుస్తూనే ఉంటుంది. కాబట్టి శీలావతి ఒక వ్యాపారపు పేరు. ఆ పేరుతో చేతికొచ్చిన పొట్లంలో మత్తు ఎంతో ఎవరూ చెప్పలేరు. దొంగచాటుగా పండిన పంటకు పురుగుమందు పరీక్ష కూడా ఉండదు.

మందు మొక్క కాదా అంటే, ఆయుర్వేదంలో విజయ పేరుతో ఉంది. కానీ మన ఔషధ నిబంధనల్లో గింజలు మినహా భంగు విషద్రవ్యాల జాబితా అయిన షెడ్యూల్ ఇ-1లో ఉంది. శుద్ధి చేసి, వైద్యుడి కనుసన్నల్లో వాడాల్సిన వస్తువు అది. పదహారు నుంచి ఇరవై ఏళ్ల వయసులో రోజూ పీల్చేవాళ్లలో మతి చెదిరే జబ్బుల ముప్పు పెరుగుతుందని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఇంకా ఎదుగుతున్న మెదడు అది.

జనుము గురించి ఒక్క మాట. ఇంగ్లిషులో గంజాయి నార మొక్కను హెంప్, దీన్ని సన్ హెంప్ అంటారని కొందరు కంగారు పడుతున్నారు. జనుము పప్పుజాతి మొక్క, గంజాయికి ఏమీ కాదు. నిశ్చింతగా చల్లుకోండి.

పెరట్లో ఒకటి రెండు మొక్కలైతే తప్పులేదనేది మరో నమ్మకం. 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 20వ సెక్షన్ మొక్కలు లెక్కపెట్టదు. సాగుకే పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 20 కిలోల పైబడి సరుకు దొరికితే పదేళ్లకు తక్కువ ఉండదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టే అపోహ వేరే ఉంది: గంజాయి గిరిజనుల సంప్రదాయ పంట అనేది.

బ్రిటిష్ కాలంలో సర్కారు కనుసన్నల్లో గంజాయి పండిన తెలుగు నేల మైదానంలోని బాపట్ల తాలూకా. కొండవాళ్ల పోడు పంటలు చోడి, సామ, కంది. తరువాత పసుపు, రాజ్‌మా, కాఫీ. పెరట్లో ఎక్కడో ఒక మొక్క ఉండటం వేరు, కొండవాలు మొత్తం తోట వేయడం వేరు. ఆ తోటల వెనక బయటి వ్యాపారి ఉంటాడు. విత్తనం అతనిదే, అడ్వాన్సూ అతనిదే. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. అయినా మూట మోస్తూ దొరికేది కూలి కుర్రాడే, డబ్బు పెట్టినవాడు చాలాసార్లు దొరకడు.

గంజాయి మానేసి కాఫీ మొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు. సిల్వర్ ఓక్ చెట్టుకు మిరియాల తీగ పాకి గింజ కట్టడానికీ అంతే. అడ్వాన్సు మాత్రం ఈ రోజే చేతిలో పడుతుంది. మన్యంలోని పెదబయలు దగ్గర ఒక పెద్దావిడ చాపలో పచ్చి మిరియాలు ఆరబోస్తూ, "ఇవి నల్లబడే వరకూ మా ఇంట్లో ఎవరూ తినకుండా ఉంటారా బాబూ" అని అడిగింది. ఆ మూడు నాలుగేళ్లు ఆ ఇంటికి ఏం కావాలో మా అక్క కొడుక్కి శీలావతి గొప్పలు చెప్పినవాళ్లెవరూ ఒక్కసారి కూడా అడగలేదు.