దూరదర్శనమున రైలు ప్రియులు

ఎచ్చెర్లకు చేరువనున్న ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్డు స్టేషనున నిలిచి ఇంజనుల అంకెలు వ్రాసికొను బాలికను జూచినచో మనము నవ్వుదుము గదా! దూరదర్శనము ఇట్టివారిని ఎట్లు చూపినది?

1980లో బి.బి.సి. వారి రైలు యాత్రల వరుసలో మైఖేల్ పేలిన్ తన రైలుపిచ్చిని నవ్వుచునే యొప్పుకొని, లండను నుండి స్కాట్లండునకు పయనించెను. 1986లో శ్యామ్ బెనెగల్ 'యాత్ర'యందు హిమసాగర్ ఎక్స్‌ప్రెస్సు ప్రయాణికుల సుఖదుఃఖములను జూపెను. రెంటను కథ చెప్పువాడు పురుషుడే. బాలికకు ఆ ముచ్చట తగదా?

రైళ్ల వేళలు వ్రాసికొనుటవలన లెక్కయు, ఊళ్ల పేర్లు తెలిసికొనుటవలన భూగోళమును అలవడునని మా తలంపు. సోదరీమణులారా! ఆ కోరికను నవ్వి చంపకుడు. వేళల పట్టిక చేతికిచ్చి, పట్టాలకు దూరముగా, ఆమె వెంట నిలువుడు.