హైబ్రిడ్ బండా, పెట్రోల్ బండా? మీరు తిరిగే కిలోమీటర్లే చెబుతాయి

సంక్రాంతికి ఊరెళ్లేలోపు ఎస్‌యూవీ కొనాలనుకునే తెలుగు కుటుంబాలు బెంగళూరులో చాలానే ఉన్నాయి. హైబ్రిడ్ తీసుకోవాలా, మామూలు పెట్రోల్ బండి చాలా అన్నదే అందరి సందేహం. అందుకే మేం లెక్క వేసి చూశాం.

ముందుగా ఒక జాగ్రత్త. హైబ్రిడ్ అన్న పేరున్నవన్నీ ఒకటి కావు. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటారు ఇంజనుకు సాయం మాత్రమే చేస్తుంది. స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఇంజను ఆగిపోయి, బ్యాటరీ మీదే నడుస్తుంది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తితో ఆ బ్యాటరీ మళ్లీ నిండుతుంది. ప్లగ్గు పెట్టే పనే లేదు. మన బిడదిలో తయారయ్యే టయోటా హైరైడర్ ఈ రెండు రకాల్లోనూ దొరుకుతుంది. కాబట్టి ఏ రకమో అడిగి తెలుసుకోండి.

ఇక డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన పెట్రోల్, హైబ్రిడ్ ఎస్‌యూవీలు రెండింటికీ జీఎస్టీ 40 శాతమే. స్ట్రాంగ్ హైబ్రిడ్ ధర 3 లక్షలు ఎక్కువ అనుకుందాం. కర్ణాటకలో 10 నుంచి 20 లక్షల బండికి జీవితకాల పన్ను 17 శాతం కాబట్టి, దానిమీద ఇంకో 51 వేలు పడుతుంది. అంటే అదనపు ఖర్చు మూడున్నర లక్షలు.

సిల్క్‌బోర్డ్, హెబ్బాళ ట్రాఫిక్‌లో పెట్రోల్ బండి లీటరుకు 11 కిలోమీటర్లు, హైబ్రిడ్ 20 ఇస్తాయనుకుందాం. లీటరు ధర 103 రూపాయలుగా లెక్క వేస్తే:

ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 21 వేలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 16 ఏళ్లు దాటుతుంది.
12,000 తిరిగితే 50 వేలు మిగులుతుంది. ఏడేళ్లు పడుతుంది.
20,000 తిరిగితే 84 వేలు మిగులుతుంది. నాలుగేళ్లు చాలు.

ఇది ఊళ్లో తిరిగే లెక్క. హైదరాబాద్ హైవే మీద ఒకే వేగంతో పోతుంటే బ్రేకు పని తక్కువ, హైబ్రిడ్ లాభమూ తక్కువే. పైగా కొన్ని మోడళ్లలో బ్యాటరీ వల్ల డిక్కీలో చోటు తగ్గుతుంది. ఊరి నుంచి బియ్యం బస్తా తెచ్చుకునేవాళ్లు డిక్కీ తెరిచి చూసుకోవాలి. బ్యాటరీకి ఎన్నేళ్ల వారంటీ ఉందో కాగితం మీద చూడండి.

రోజూ ఆఫీసుకు ట్రాఫిక్‌లో వెళ్లి, బండిని ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకు హైబ్రిడ్ గిట్టుబాటవుతుంది. మెట్రోలో వెళ్తూ, ఆదివారాలూ పండుగలకూ మాత్రమే బండి తీసేవాళ్లకు పెట్రోల్ చాలు, మిగిలిన డబ్బు పిల్లల చదువుకు పనికొస్తుంది. బుకింగ్‌కు డబ్బు కట్టేముందు మీ పాత బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఒకసారి చూసుకోండి.