ఇల్లు అమ్మే ముందు ఏం బాగుచేయాలి?

ఇల్లు అమ్మాలని అనుకోగానే మనవాళ్ళు ముందు పిలిచేది పెయింటర్‌ని. తర్వాత పీవోపీ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, గేటుకి కొత్త డిజైన్ అంటూ లిస్ట్ పెరిగిపోతుంది. పెట్టిన ప్రతి రూపాయీ రేటులో కలిసి తిరిగొస్తుందని ధీమా. చాలాసార్లు అలా రాదు. కొనడానికి వచ్చినవాళ్ళ మనసులో మన డిజైన్ల కంటే ముందు ఉండేది భయం: స్లాబు కారుతుందేమో, వైరింగ్ పాతదేమో, కాగితాల్లో ఏదైనా మెలిక ఉందేమో అని. ఆ భయాన్ని తగ్గించే పనుల మీద పెట్టిన డబ్బే ఎక్కువగా తిరిగొస్తుంది.

నాకెందుకు ఈ గోల అంటే, తెనాలిలో మా తాతయ్య కట్టించిన ఇల్లు ఈ ఏడాది అమ్మకానికి పెట్టారు. వచ్చే డబ్బులో నా మిగతా రెండేళ్ళ ఫీజు ఉంది, బాబాయి అప్పు ఉంది, నానమ్మ పేరు మీద వేయాల్సిన డిపాజిట్ ఉంది. రిపేర్లకని తీసి పెట్టింది రెండు లక్షలే. ఏది చేయాలి, ఏది వదిలేయాలి అని నెల రోజులు ఇంట్లో ఇదే చర్చ.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వచ్చేవాళ్ళు కొనేది ఇల్లా, స్థలమా? పాత ఇండిపెండెంట్ ఇంటికి ఎక్కువ విలువ కింద ఉన్న గజాలదే. మీ వీధిలో ఈమధ్య అమ్ముడైన పాత ఇళ్ళు ఏమయ్యాయో చూడండి. కూల్చేసి అపార్ట్‌మెంట్లు లేపుతుంటే మీ ఇంటికీ బుల్డోజరే వస్తుంది. అప్పుడు కిచెన్ మీద పెట్టేది శుద్ధ దండగ. హద్దులు కొలిపించి, చెత్త తీయించి, స్థలం శుభ్రంగా కనపడేలా చేస్తే చాలు. ఫ్లాట్ అయితే కథ వేరు. అందులో స్థలం మీద ఉమ్మడి వాటానే వస్తుంది, కొన్నవాళ్ళు లోపలే కాపురం చేస్తారు కాబట్టి బాత్రూమ్, వంటగది పరిస్థితికి విలువ ఉంటుంది. మా వీధిలో పాత ఇళ్ళు కొన్నవాళ్ళు వాటిలోనే ఉంటున్నారు. కాబట్టి మాకు రిపేర్లు తప్పలేదు.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి చెమ్మ. మా వెనక గది గోడ మీద ఒకచోట పెద్ద మరక, దాని మీద తెల్లగా ఉప్పు పొడి. పెయింటర్ చూసి "పుట్టీ పెట్టి టెక్స్‌చర్ వేసేద్దాం సార్, కనపడదు" అన్నాడు. బాబాయి సరే అన్నాడు. నానమ్మ మాత్రం "రేపు వానాకాలంలో వాళ్ళు మనల్ని తిట్టుకోరూ?" అంది. ప్రోగ్రామ్‌లో ఎర్రర్ మెసేజ్‌ని దాచేసి కోడ్ రన్ అయిందని చెప్పడం లాంటిదే ఇది. పైగా చట్టం కూడా నానమ్మ వైపే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 55 ప్రకారం, మామూలుగా చూస్తే కొనేవాళ్ళకి తెలియని ముఖ్యమైన లోపం మనకి తెలిసుంటే, దాన్ని మనమే చెప్పాలి.

చెమ్మకి కారణం దాదాపుగా మరక ఆకారమే చెప్పేస్తుంది. గోడ పొడుగునా కింద నుంచి ఒకే ఎత్తులో ఉంటే నేలలోంచి నీరు పైకి పాకుతోందని అనుమానించాలి. పైకప్పు దగ్గర మొదలైతే డాబా చూడాలి. మాలా ఒకేచోట ఉంటే గోడ అవతల ఏముందో చూడాలి. మాకు అవతల బాత్రూమ్ ఉంది. నీళ్ళు పోయే కన్నానికి గుడ్డ కుక్కి, అంగుళం నీళ్ళు పెట్టి 24 గంటలు వదిలేశారు. గోడ మీద మార్పేమీ లేదు. కన్నం తెరిచి రెండు బకెట్లు పోసేసరికి సాయంత్రానికి మరక నల్లబడింది. నేల బాగానే ఉంది, కారేది కింద నహానీ ట్రాప్ జాయింట్. ఆ జాయింట్ మార్చడానికి అయిన ఖర్చు, పెయింటర్ చెప్పిన టెక్స్‌చర్ రేటులో సగం కూడా లేదు. కాకపోతే గోడ పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. అందుకే ఈ పనులు ఎండాకాలం మొదట్లో చేయించి, రంగు చివరికి పెట్టుకోవాలి.

స్లాబు కింద పెచ్చులూడుతుంటే సిమెంట్ పూసి వదిలేయకూడదు. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పగులుతుంది. వదులైన భాగం కొట్టేసి, ఊచలకి తుప్పు గీకి, తుప్పు పట్టకుండా కోటింగ్ వేశాకే మళ్ళీ పూత. ఎక్కువచోట్ల ఊడితే మేస్త్రీతో సరిపెట్టకుండా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. మన కాలేజీ సివిల్ బ్రాంచ్ వాళ్ళు దీని మీద ఇంకా బాగా రాయగలరు.

పాత ఇళ్ళల్లో సున్నం పొరల మీద నేరుగా ఎమల్షన్ వేస్తే అట్టలు కట్టి ఊడిపోతుంది. గీకి, ప్రైమర్ వేసి, అప్పుడు లేత రంగు. పాత ఫ్యూజు బోర్డు తీసేసి ఎంసీబీలు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే అది నిజంగా ప్రాణాలు కాపాడే పని, చూసేవాళ్ళకీ నమ్మకం. కారే కుళాయిలు, బిగుసుకుపోయిన తలుపులు ఒక్కరోజు పని. వాస్తు కోసం మాత్రం ఏ గోడా జరపకండి. మన సిద్ధాంతి ఓకే చేసింది వాళ్ళ సిద్ధాంతి ఓకే చేస్తాడన్న గ్యారంటీ లేదు!

బిల్లులన్నీ ఫైల్లో పెట్టండి. పన్ను కట్టేటప్పుడు కొత్త గది కట్టడం లాంటి అభివృద్ధి ఖర్చుని లాభంలోంచి తగ్గించుకోవచ్చు. రంగులు, మామూలు రిపేర్లు అందులోకి రావు.

కాగితాలు కూడా రిపేర్ కిందే లెక్క, పైగా ఎక్కువ టైమ్ తినేది ఇదే. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, ఇంటి పన్ను, కరెంట్ మీటర్ ఎవరి పేరు మీద ఉన్నాయో ముందే చూసుకోవాలి. మా ఇల్లు ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది. ఆయన సొంత సంపాదన, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమాన వాటా. అంటే నాన్న, బాబాయి, నానమ్మ సంతకాలు చాలవు, ఇద్దరు అత్తయ్యలవీ కావాలి. "పెళ్ళైపోయింది కదా" అనే మాట సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేయదు. పెద్దత్తయ్య మస్కట్‌లో ఉంటుంది. అక్కడి మన ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, అది ఇండియాకి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. గోడ ఆరేలోపు అది వస్తే రంగు, రిజిస్ట్రేషన్ వరసగా అయిపోతాయని నాన్న ప్లాన్.